జీతముల లెక్క, పన్ను కోత: పశ్చిమ ప్రకాశమునందలి ఒక వృత్తి

జీతముల లెక్క, పన్ను కోత అనునది, ఒక సంస్థలో పనిచేయువారికి నెలనెలా చెల్లవలసిన వేతనమును నిర్ణయించి, అందుండి సర్కారునకును, భవిష్యనిధికిని, బీమాకును చేరవలసిన మొత్తములను మినహాయించి, మిగిలినదానిని గడువు దాటకుండ ఉద్యోగికి అందజేసి, మినహాయించిన ప్రతి రూపాయికిని తగిన చోట లెక్క అప్పగించు వృత్తి. వర్తకసంస్థలలో దీనిని పేరోల్ అనియు, సర్కారు కచ్చేరీలలో జీతాల బిల్లు అనియు వ్యవహరింతురు. ఈ వృత్తిలో పైకి వచ్చుటకు మూడు మెట్లు కలవు. మొదటి మెట్టున నున్నవాడు అంకెను వ్రాయును. రెండవ మెట్టున నున్నవాడు ఇతరులు వ్రాసిన అంకెను సరిచూచును. మూడవ మెట్టు నెక్కినవాడు ఆ అంకె క్రింద సంతకము చేసి, అది తప్పైన యెడల చట్టము ముందును, ఉద్యోగి ముందును తానే జవాబు చెప్పుకొనవలసినవాడగును. నాయకత్వమను మాటకు ఈ రంగమున ఇంతకు మించిన అర్థము లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

ఈ వ్యాసమునకు నెలవైన యర్రగొండపాలెము నల్లమల అడవుల తూర్పు అంచున, నకిరేకల్లు నుండి మాచర్ల, మార్కాపురముల మీదుగా ఏర్పేడు పోవు 565వ జాతీయ రహదారిపై నున్న మండలకేంద్రము. ఈ సీమ చిరకాలము కర్నూలు జిల్లాలోని మార్కాపురము తాలూకాలో భాగమై యుండి, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినపుడు గిద్దలూరు తాలూకాతోపాటు దానిలో కలిసెను. ఆ జిల్లాకే పిమ్మట ప్రకాశము అను పేరు వచ్చినది. యర్రగొండపాలెము, పుల్లలచెరువు, త్రిపురాంతకము, దోర్నాల, పెద్దారవీడు మండలములు నేడొక శాసనసభా నియోజకవర్గముగా నున్నవి. వానకై యెదురుచూచు మెట్టపొలములును, వెలిగొండ ప్రాజెక్టు సొరంగముల నీటికై దశాబ్దములుగ వేచియున్న పల్లెలును గల ఈ ప్రాంతమున పెద్ద కర్మాగారములు లేవు. కావున ఇచ్చట నెలజీతమనగానే మనసునకు వచ్చునది సర్కారు జీతము. బడిపంతులు, ఆరోగ్యకేంద్రపు నర్సు, అటవీశాఖ బీటు అధికారి, పోలీసు, గ్రామసచివాలయ ఉద్యోగి మున్నగువారి జీతములు ఒకటవ తేదీన పడినవో లేదో కిరాణా కొట్టువానికిని, చిట్టీ నడుపువానికిని గూడ తెలియును. ఈ వృత్తిని ఈ సీమ బిడ్డ నేర్చుకొను మొదటి పాఠశాల సర్కారు కచ్చేరిలోని బిల్లు గుమాస్తా బల్లయే. అందుచేత ఈ వ్యాసము ఆ బల్ల యొద్దనే యెక్కువసేపు నిలుచును.

పూర్వరంగము

గ్రామమున లెక్క వ్రాయువాడు తొలుత కరణము. శిస్తు వసూలు, పంట లెక్క, అడంగలు అతని చేతిలో నుండెడివి. 1984లో రాష్ట్రప్రభుత్వము ఆ వంశపారంపర్యపు పదవులను రద్దుచేయువరకు ఊరి అంకెలకు అతడే సాక్షి. జీతముల లెక్క మాత్రము తాలూకా ఖజానా చుట్టు పెరిగినది. మార్కాపురము, గిద్దలూరు తాలూకా కేంద్రములైనందున జీతపు బిల్లులు అచ్చటి ఖజానాలకే చేరెడివి. బిల్లు పాసైన పిదప ఆఫీసు మనుష్యుడొకడు నగదు తెచ్చి, అక్విటెన్సు రోలులో ఒక్కొక్కరి పేరునకు ఎదురుగ రసీదు బిళ్ళ అంటించి, దానిమీద సంతకము పెట్టించుకొని పంచుట ఆచారము. ఆ బిళ్ళమీది సంతకమే చెల్లింపునకు నిదర్శనము. నేడు నగదు సంచి పోయి బ్యాంకు ఖాతా వచ్చినను, చెల్లింపు ఎవరికి, ఎంత, ఎప్పుడు చేరెనో చూపగల పత్రము ఉండి తీరవలెనన్న నియమము చెక్కుచెదరలేదు.

ఆదాయపు పన్ను మన దేశమునకు 1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టిన చట్టముతో వచ్చి, నడుమ ఆగి, 1886 నాటి చట్టముతో స్థిరపడెను. 1922 చట్టములోని 18వ సెక్షను జీతము చెల్లించునపుడే పన్నును పట్టుకొనవలెనని శాసించినది. 1961 చట్టములో అదియే 192వ సెక్షనుగ మారినది. అమెరికాలో జీతములనుండి విస్తృతముగ పన్ను పట్టుకొను పద్ధతి యుద్ధవ్యయము నిమిత్తము 1943లోను, ఇంగ్లండులో ఇప్పటి రూపమున 1944లోను ఆరంభమైనదని తలచినచో, ఈ విషయమున మన కచ్చేరీల అనుభవము ఆ దేశముల కంటె పాతదని తెలియగలదు. జీతాల బిల్లు గుమాస్తా తన పనిని చిన్నదిగ నెంచుకొనుటకు కారణము లేదు.

బిల్లు బల్ల

ఒక ఉన్నతపాఠశాల జీతపు బిల్లును ఉదాహరణముగ గైకొందము. ఒక్కొక్క ఉపాధ్యాయునకు మూలవేతనము, దానిపై కరువు భత్యము, ఊరి జనసంఖ్యను బట్టి ఇంటి అద్దె భత్యము లెక్కింపబడును. పిదప కోతలు వచ్చును: ఏ.పి.జి.ఎల్.ఐ. అని పిలువబడు సర్కారు జీవితబీమా ప్రీమియము, సమూహబీమా, భవిష్యనిధి, ఆరోగ్యపథకపు చందా, వృత్తిపన్ను, ఆదాయపు పన్ను, తీసికొన్న అప్పుల వాయిదాలు. 2004 సెప్టెంబరు 1 నుండి ఉద్యోగమున చేరినవారికి పాత పింఛనుకు మారుగ సి.పి.ఎస్. అను చందా పింఛను పథకము వర్తించుటచే, ఒకే బడిలో ప్రక్కప్రక్క గదులలో పాఠము చెప్పు ఇద్దరి కోతలు రెండు విధములుగ నుండును. వృత్తిపన్ను 1987 నాటి రాష్ట్రచట్టమును అనుసరించి వసూలు చేయబడును. నెలజీతము 15,000 రూపాయలకు మించి 20,000 లోపున్న 150, అంతకు మించిన 200 రూపాయలు. రాజ్యాంగపు 276వ అధికరణము ఈ పన్నును సాలుకు 2,500కు మించనీయదు.

ఈ లెక్కలు యంత్రము చేయగలదు. యంత్రమునకు తెలియనివి వేరు కలవు. నెల నడుమ దోర్నాల నుండి పుల్లలచెరువునకు బదిలీయైన పంతులునకు ఎన్ని దినముల జీతము ఏ బిల్లులో రావలెను? అతని వెంట రావలసిన ఎల్.పి.సి., అనగా పాత కచ్చేరి యిచ్చు కడపటి జీతపు ధ్రువపత్రము, వచ్చినదా? దానిలో అప్పు వాయిదాల సంఖ్య సరిగ నున్నదా? సగము జీతపు సెలవు పెట్టినవారి వార్షిక ఇంక్రిమెంటు ఎప్పుడు పడవలెను? ప్రసూతి సెలవులో నున్న టీచరమ్మకు ఏ భత్యము నిలిచి ఏది నిలువదు? ఇట్టి ప్రశ్నలకు ఫండమెంటల్ రూల్సు, ఆంధ్రప్రదేశ్ ఖజానా కోడు, ఆర్థిక కోడు, వేలకొలది జీవోలు సమాధానము. మంచి బిల్లు గుమాస్తా వీటిని కంఠస్థము చేసినవాడు గాదు, ఏ ప్రశ్నకు ఏ పుస్తకము తెరువవలెనో ఎరిగినవాడు. అనుభవజ్ఞులు బిల్లు పంపుటకు ముందు గతమాసపు మొత్తముతో ఈ మాసపు మొత్తమును పోల్చి, భేదములోని ప్రతి రూపాయికిని కారణము వ్రాసికొందురు. పేరోల్ వృత్తిలో ప్రపంచమంతట ఇంతకంటె శ్రేష్ఠమైన పరీక్ష మరియొకటి కనుగొనబడలేదు.

2018 ఏప్రిలు నుండి రాష్ట్రమున సి.ఎఫ్.ఎం.ఎస్. అను సమగ్ర ఆర్థిక నిర్వహణ వ్యవస్థ అమలునకు వచ్చినది. కాగితపు బిల్లు, టోకెను, ఖజానా గుమ్మము ముందు నిరీక్షణము చాలవరకు తగ్గి, బిల్లు తెరమీదనే నడచుచున్నది. మండల కేంద్రమునుండి ఖజానాకు బస్సెక్కి పోవు శ్రమ తగ్గుట మేలే. అయితే పూర్వము ఖజానా అకౌంటెంటు బిల్లుమీద ఎర్రసిరాతో వ్రాయు అభ్యంతరము చిన్న గుమాస్తాకు గురూపదేశము వంటిది. నేడు తెర తిరస్కరించుచున్నదే కాని, ఎందులకో వివరించి నేర్పుట లేదు. కావున కొత్తగ చేరినవానికి బోధించు భారము కచ్చేరిలోని పెద్దవానిపై మునుపటికంటె అధికముగ పడుచున్నది.

సంతకము చేయువాడు

సర్కారు భాషలో జీతపు బిల్లునకు బాధ్యుడు డ్రాయింగు అండ్ డిస్బర్సింగు ఆఫీసరు, వాడుకలో డి.డి.ఓ. మండలపరిషత్తు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు మండల విద్యాధికారియు, జిల్లాపరిషత్తు ఉన్నతపాఠశాలలో ప్రధానోపాధ్యాయుడును ఈ బాధ్యతను వహించుచు వచ్చిరి. ఇది ఆలోచింపదగిన విషయము. ఇరువదియేండ్లు గణితమో, సాంఘికశాస్త్రమో బోధించిన పంతులు ప్రధానోపాధ్యాయుడైన దినమున, ఆదాయపు పన్ను చట్టము దృష్టిలో పన్ను పట్టుకొనవలసిన యజమాని యగుచున్నాడు. ఇందులకై ప్రభుత్వము విధించిన సిద్ధత శాఖాపరీక్షలు. పబ్లిక్ సర్వీసు కమిషను నడపు గెజిటెడ్ ఆఫీసర్సు టెస్టు, ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్సు టెస్టు ఉపాధ్యాయులకును, సబార్డినేట్ ఆఫీసర్ల అకౌంట్సు టెస్టు కచ్చేరీ సిబ్బందికిని పదోన్నతి ద్వారములు. పుస్తకములు చూచి వ్రాయు వెసులుబాటు గల పత్రములు వీటిలో నుండుటచే కొందరు వీటిని తేలికగ తీసికొందురు. ఆ పుస్తకములను నిజముగ చదివినవానికి అవే జీవితాంతము పనికివచ్చుచున్నవి.

కచ్చేరీ మార్గమున పోవువాడు జూనియరు అసిస్టెంటుగ చేరి, సీనియరు అసిస్టెంటు, సూపరింటెండెంటు మెట్లెక్కును. ఖజానాశాఖలో చేరినవాడు జూనియరు అకౌంటెంటు, సీనియరు అకౌంటెంటు పదవులు దాటి ఉపఖజానా అధికారియై, పలు శాఖల బిల్లులపై తీర్పు చెప్పు స్థానమున కూర్చుండును. ఈ రెండు మార్గముల నడుమ గల సంబంధము ముద్దాయి, న్యాయాధిపతుల సంబంధము గారాదు. బిల్లు వ్రాయువాడును, పాసు చేయువాడును ఒకే జీతమును రెండు వైపులనుండి కాపాడువారు.

మూలమందే పన్ను

జీతముపై పన్ను పట్టుటలో మొదటి సూత్రము సగటు. సాలు మొత్తము రాబోవు జీతమును ముందుగ అంచనా కట్టి, దానిపై పడు పన్నును లెక్కించి, నెలలకు సమముగ పంచవలెను. లెక్క తెలియుటకై ఒక ఊహను చేయుదము. ఒక ఉపాధ్యాయుని సంవత్సరపు పన్ను 60,000 రూపాయలైనచో నెలకు 5,000 కోయవలెను. ఆ కచ్చేరిలో నెలకు 2,000 మాత్రమే కోయుచు పదినెలలు గడపినచో చేరినది 20,000. తక్కిన 40,000 జనవరి, ఫిబ్రవరి బిల్లులమీద పడును. సర్కారు ఉద్యోగులలో ఫిబ్రవరి జీతమను మాటకు గల దిగులు ఇచ్చటినుండి పుట్టినదే. ఆ నెలలో ఇల్లు గడుపుటకు చేబదుళ్ళు తీసికొను కుటుంబములు కలవు. అది పన్ను వలన కలిగిన కష్టము కాదు, ఏప్రిలులో వేయవలసిన అంచనాను డిసెంబరు దాక వేయకపోవుట వలన కలిగినది. ఉద్యోగి పాత పన్ను విధానమును కోరునో, క్రొత్త విధానమును కోరునో సంవత్సరారంభముననే వ్రాతమూలముగ అడిగి తెలిసికొను డి.డి.ఓ. తన సిబ్బందికి చేయు ఉపకారము కొలువరానిది. 2023–24 నుండి, అడిగినను చెప్పనివారికి క్రొత్త విధానమే వర్తించును. 2025–26కు ఆ విధానమున జీతమునుండి 75,000 ప్రామాణిక తగ్గింపు పోగా పన్ను వేయదగిన ఆదాయము 12 లక్షలు దాటనివారికి రాయితీ వలన పన్ను పడకుండుటచే, పెక్కుమంది పంతుళ్ళ బిల్లులలో ఈ కోత తొలగినది. అట్లని డి.డి.ఓ. పని తొలగలేదు, అద్దె ఆదాయము, బాకీ జీతము, రెండవ ఉద్యోగపు చరిత్ర గలవారిని వేరుగ చూడవలసియే యున్నది.

పట్టుకొన్న పన్ను సర్కారునకు చేరు దారియే ఈ వృత్తిలోని మిక్కిలి సూక్ష్మమైన భాగము. ఇందలి ఫారముల, సెక్షనుల సంఖ్యలు 1961 చట్టము నాటివి. ప్రైవేటు యజమాని మరుసటి నెల 7వ తేదీలోపల చలానా ద్వారా బ్యాంకులో కట్టును. మార్చి నెల పన్నునకు ఏప్రిలు 30 గడువు. సర్కారు కచ్చేరిలో చలానా లేదు. పన్ను ఖజానా పుస్తకములలోనే ఒక పద్దునుండి మరియొక పద్దునకు మారును. ఖజానా అధికారి ఆ నెలలో తన పరిధిలోని డి.డి.ఓ.లందరు కోసిన పన్నును 24జి అను ఫారములో చూపగా, పన్నుశాఖ ఒక గుర్తింపు సంఖ్యను ఇచ్చును. దానిని బిన్ అందురు. ఆ సంఖ్యను గ్రహించి డి.డి.ఓ. ప్రతి మూడునెలలకు 24క్యూ అను వివరణపత్రమును జూలై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31 గడువులలో దాఖలు చేయవలెను. అప్పుడే ఆ పన్ను పంతులు పాన్ సంఖ్య క్రింద జమయై కనబడును. అప్పుడే జూన్ 15 నాటికి అతనికి ఫారము 16 అందును.

ఈ గొలుసులో ఒక్క కొక్కెము జారిన కలుగు ఫలితము విచిత్రము. జీతమునుండి పన్ను కోసియుందురు. డబ్బు సర్కారు ఖాతాలోనే యుండును. కాని అది ఎవరిదో సర్కారునకే తెలియదు. పంతులు రిటర్ను వేయగా పన్ను కట్టలేదని నోటీసు వచ్చును. ఇట్టి సందర్భమున ఉద్యోగి భయపడనక్కరలేదని 1961 చట్టములోని 205వ సెక్షను చెప్పినది: జీతమునుండి కోసిన పన్నును మరల అతనినుండి వసూలు చేయరాదు. ఈ సెక్షను ఉద్యోగులందరును ఎరుగదగినది. తప్పిన భారము డి.డి.ఓ.పై పడును. వివరణపత్రము ఆలస్యమైన దినమునకు 200 రూపాయల చొప్పున, పన్ను మొత్తమునకు మించకుండ, 234ఇ సెక్షను క్రింద రుసుము. నెలరోజుల జాగునకు 6,000. పన్ను కోయనే కోయనిచో నెలకు నూటికి 1, కోసియు కట్టనిచో 1.5 చొప్పున వడ్డీ. ఈ రుసుము చెల్లించుటకు సర్కారు పద్దు లేకపోవుటచే అది అధికారి సొంత జేబునుండి పోవుటయు కలదు. యర్రగొండపాలెము వంటి చోటునుండి చాలకాలము జిల్లాకేంద్రముగ నుండిన ఒంగోలు వంద కిలోమీటర్లకు మించిన దూరము. పత్రమును సరిదిద్దించుకొనుటకు పన్నుల కన్సల్టెంటు నాశ్రయించుట ఇచ్చటి రివాజు. కన్సల్టెంటునకు పని అప్పగింపవచ్చును గాని బాధ్యతను అప్పగింపజాలము. యూజరు ఐడియు, పాస్‌వర్డును అతనికే విడిచిపెట్టి, బదిలీయైన పిదప ఆ కచ్చేరి పత్రములకై వెదకులాడిన అధికారుల కథలు ఈ సీమలో కొల్లలు.

జీతము ఆగిన నెలలు

ఈ వృత్తి విలువ జీతము సక్రమముగ వచ్చు నెలలో తెలియదు. 2020 మార్చి 31న కరోనా కారణమున రాష్ట్రప్రభుత్వము జీతములను వాయిదావేయుచు ఉత్తరువు నిచ్చెను; సామాన్యోద్యోగులకు సగము, అఖిలభారత సర్వీసులవారికి నూటికి 60, నాలుగవ తరగతివారికి నూటికి 10 వంతున నిలిచిపోయెను. రాత్రికి రాత్రి తయారైన బిల్లులన్నియు మారవలసివచ్చినవి. ఆ బాకీ వ్యవహారము న్యాయస్థానమునకు పోగా, జీతము చేసిన పనికి ప్రతిఫలము, ఉద్యోగి హక్కు అని నిర్ణయించి, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నూటికి 6 వంతున వడ్డీతో చెల్లింప నాజ్ఞాపించెను. జీతపు బిల్లు ఆలస్యమునకు ధర యున్నదని దేశపు అత్యున్నత న్యాయస్థానము పలికిన ఆ తీర్పు ఈ వృత్తిలోని వారందరును జ్ఞాపకముంచుకొనదగినది.

2022 జనవరిలో 11వ వేతన సవరణ జీవోలు వెలువడగా, నూటికి 23 ఫిట్‌మెంటును, తగ్గిన ఇంటి అద్దె భత్యమును అంగీకరింపని ఉద్యోగసంఘములు ఉద్యమించినవి. క్రొత్త స్కేళ్ళతో బిల్లులు చేయుటకు ఖజానా సిబ్బంది నిరాకరించిరి. చేయకున్న చర్య తప్పదని ప్రభుత్వము హెచ్చరించెను. ఫిబ్రవరి 3న విజయవాడ వీథులు ఉద్యోగులతో నిండెను. పిమ్మట కొలది దినములలోనే ఒడంబడిక కుదిరెను. ఇతరుల జీతమును లెక్కించువాడు తానును జీతము పుచ్చుకొనువాడే. తన కష్టమును, తన విధియు ఒకే కాగితమున నెదురైనపుడు అతని మనసు ఎంత నలుగునో ఆ నెలలో బిల్లు బల్లల యొద్ద కూర్చున్నవారికే తెలియును. వారినెవరిని తప్పుపట్టుటకు ఈ వ్యాసకర్తకు నోరు రాదు.

వేతన సవరణలు, కరువు భత్యపు బాకీలు ఏండ్లు గడచి ఒక్కసారిగ వచ్చినపుడు, వచ్చిన సంవత్సరమున ఆదాయము ఉబ్బి పన్ను పెరుగును. ఆ బాకీ ఏయే సంవత్సరములకు చెందునో విడదీసి, అప్పుడే వచ్చియున్న ఎంత పన్ను పడెడిదో చూపి ఉపశమనము పొందు హక్కు 1961 చట్టములోని 89వ సెక్షను ఇచ్చినది. దానికై రిటర్నునకు ముందే 10ఇ ఫారమును దాఖలు చేయవలెను. ఈ ఒక్క ఫారమును గురించి నోటీసు బోర్డుమీద కాగిత మంటించు అధికారికి సిబ్బంది ఎంతయో ఋణపడియుందురు.

రాతిపలకల సీమలో ప్రైవేటు జీతము

ఆంధ్రదేశమున బడికి పోయిన పిల్లలలో ఎందరో తొలి అంకెలను దిద్దినది మార్కాపురపు రాతిపలకమీద. ఆ పలకల గనులు, కోతమిల్లులు ఈ ప్రాంతపు ప్రధానమైన పరిశ్రమ. ఇచ్చటి పలకరాయి నేడు గోడలకు, నేలలకు అలంకారమై విదేశములకు పోవుచున్నది. వీటిలో చిన్న యూనిట్లే పెక్కు. 20 మంది పనివారున్న చోట భవిష్యనిధి చట్టము వర్తించును: పనివాని జీతమునుండి నూటికి 12, యజమాని నుండి 12, యజమాని భాగములో 8.33 వంతు పింఛను నిధికి. ఇ.ఎస్.ఐ. వర్తించు చోట నెలకు 21,000 లోపు జీతగాండ్రనుండి నూటికి 0.75, యజమాని నుండి 3.25. రెంటికిని మరుసటి నెల 15వ తేదీ గడువు. పెక్కుచోట్ల పని సంఖ్యను బట్టి కూలి, వారమునకొక లెక్క, నడుమ అడ్వాన్సు. వీటిని నెలజీతపు పట్టికలోనికి తెచ్చుటలోనే ఇచ్చటి అకౌంటెంటు నేర్పు బయటపడును. హాజరు పుస్తకమున పేరు లేని పనివాడు ప్రమాదమున చేయి పోగొట్టుకొన్న నాడు, అతడు అచ్చట పనిచేసెనని చెప్పు కాగితము లోకమున నుండదు. హాజరు వ్రాయుట దయతో చేయు పని కాదు, చట్టము.

2025 నవంబరు 21న నాలుగు కార్మికసంహితలు అమలునకు వచ్చినవి. భత్యములు మొత్తము వేతనమున సగమును మించిన, మించిన భాగము వేతనముగనే లెక్కింపబడును. కావున మూలవేతనమును తక్కువగ చూపి నిధి చందాను తగ్గించు పాత పద్ధతి చెల్లదు. ఉద్యోగము వీడిన వానికి రావలసిన వేతనము రెండు పనిదినములలో ఇచ్చివేయవలెను. ఐదేండ్ల సేవపై, నెలవేతనమును 26తో భాగించి, పదునైదింతలు చేసి, సేవ చేసిన ఒక్కొక్క ఏటికి లెక్కించు గ్రాట్యుటీ, నియతకాలపు ఉద్యోగికి ఏడాది సేవకే వర్తించును.

జీతముల లెక్కలో మిక్కిలి బీదవారి భాగము ఉపాధిహామీ మస్టరు. అనంతపురము జిల్లా బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఆరంభమైన ఆ పథకము, పనిచేసిన 15 దినములలో కూలి చెల్లవలెనని విధించినది. పొలములో మేటు వ్రాసిన హాజరు తప్పైనచో తరువాతి యంత్రమంతయు ఆ తప్పునే నమ్మకముగ మోసికొనిపోవును. కార్పొరేటు పేరోల్ అధిపతులును నేర్చుకొనదగిన పాఠమిది.

పొలిమేర దాటినవారు

ఈ సీమనుండి బి.కాం. చదివి హైదరాబాదు చేరినవారికి వేరొక మార్గము తెరచియున్నది. 1949లో న్యూజెర్సీలోని పాటర్సన్ పట్టణమున హెన్రీ టాబ్ ఇతరుల జీతపు పట్టికలు వ్రాసిపెట్టుటకు ఆరంభించిన చిన్న దుకాణము నేడు ఏ.డి.పి. అను మహాసంస్థయై, హైదరాబాదులో పెద్ద కార్యాలయమును నడుపుచున్నది. ఇట్టి సంస్థలలోను, బహుళజాతి కంపెనీల సేవాకేంద్రములలోను పేరోల్ అనలిస్టుగ చేరి, టీం లీడు, మేనేజరు పదవులు దాటి, పలుదేశముల జీతములకు బాధ్యులైనవారు కలరు. ఇచ్చటను మెట్లు మూడే: ఒకరు వ్రాయుట, ఒకరు సరిచూచుట, ఒకరు సంతకము చేయుట. బిల్లు గుమాస్తా, డి.డి.ఓ., ఖజానా అను త్రివిధవ్యవస్థను ఎరిగినవానికి ఆ కంపెనీలలోని కట్టుబాట్లు క్రొత్తగ తోచవు.

అమెరికాలో జీతముల పని చూచువాడు సాంఘికభద్రతకు నూటికి 6.2, మెడికేరునకు 1.45 ఉద్యోగినుండి కోసి, అంతే యజమానినుండి కలిపి కట్టి, జనవరి 31లోపల డబ్ల్యూ-2 పత్రము నీయవలెను. ఎఫ్-1 వీసాపై చదివి తొలి ఉద్యోగము చేయు తెలుగు విద్యార్థులకు సామాన్యముగ మొదటి ఐదు క్యాలెండరు సంవత్సరములు ఈ కోత వర్తింపదు. తెలియక కోసిన యజమానులును, తెలియక ఊరకున్న విద్యార్థులును కలరు. భారత, అమెరికాల నడుమ సాంఘికభద్రతా ఒడంబడిక లేనందున, కొన్నియేండ్లు పనిచేసి తిరిగివచ్చినవారి చందాలు చాలవరకు అచ్చటనే నిలిచిపోవుచున్నవి.

మన దేశమున పేరోల్ అధిపతి కాగోరువానికి చట్టము ప్రత్యేకార్హతను విధింపలేదు. చార్టర్డు అకౌంటెన్సీ, కాస్ట్ అకౌంటెన్సీ చదువులు తోడ్పడును, అమెరికాలో సి.పి.పి. పరీక్ష, ఇంగ్లండులో 2010లో రాజశాసనము పొందిన పేరోల్ వృత్తిసంస్థ పట్టాలు కలవు. చదువుకంటె ముందు కావలసినది ఇతరుల జీతమును గురించి మౌనము. ఎవరి అప్పు ఎంతయో, ఎవరి భరణము కోర్టు ఆజ్ఞచే కోయబడుచున్నదో తెలిసియు, టీ కొట్టు యొద్ద నోరు విప్పనివాడే ఈ పదవికి తగును.

1961 చట్టమునకు బదులుగ 2025లో చేయబడిన క్రొత్త ఆదాయపు పన్ను చట్టము 2026 ఏప్రిలు 1 నుండి అమలగుటచే, సెక్షను సంఖ్యలు మారినవి. గత సంవత్సరము, మదింపు సంవత్సరము అను జంటపదములకు బదులు పన్ను సంవత్సరము అను ఒక్క మాట వచ్చినది. పై సంఖ్యలను కంఠస్థము చేసిన తరమువారు మరల పుస్తకము తెరువవలసిన కాలమిది.

బిల్లు బల్ల చేయు కడపటి పని పదవీవిరమణ కాగితములు. సర్వీసు రిజిస్టరులో ముప్పదియేండ్ల ఇంక్రిమెంట్లు, సెలవులు, బదిలీలు ఒక్కొక్క పంక్తిగ నుండును. ప్రతి పంక్తి చివర నాటి అధికారి సంతకముండవలెను. ఏదో యొక సంవత్సరపు పంక్తికి సంతకము లేదని ఆడిట్ కార్యాలయము కాగితములు త్రిప్పిపంపును. సంతకము పెట్టవలసిన అధికారి విరమించి చాలకాలమై యుండును. అప్పుడు నేటి గుమాస్తా పాత బీరువా తెరచి, చెదలు ముట్టని అక్విటెన్సు రోళ్ళను నేలమీద పరచి, ఆ నెల, ఆ పేరు, ఆ రసీదు బిళ్ళను వెదకును. దొరికిన యెడల దానిని చూచి నేటి డి.డి.ఓ. ఆ ఖాళీ చోట ధ్రువీకరించి సంతకము చేయును. కాగితములు మరల బయలుదేరును.